హైమవతి ఆఖరి వారం

అబద్ధం చెబుదామని గ్లోరి ఆ ఇంటర్వ్యూలో కూర్చోలేదు. ఆమె తరఫున చెప్పగలిగిన మంచిమాట ఇదొక్కటే కాబట్టి ముందే చెప్పేయడం న్యాయం.

డాక్టర్ గ్లోరి విశాఖపట్నంలో ఒక యూనివర్సిటీలో మీడియా గురించీ వ్యాపార ప్రకటనల గురించీ పాఠాలు చెబుతుంది. ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఒక ఫేస్ క్రీము డబ్బా బల్లమీద పెట్టి, "ఇందులో ఉన్నది క్రీము కాదు. మీ గురించి మీరు పక్కవాళ్ళకి చెప్పుకోవాలనుకుంటున్న అబద్ధం," అంటుంది. పిల్లలు ఆ మాట నోట్సులో రాసుకుంటారు. కొందరు వాట్సాప్ స్టేటస్ పెట్టుకుంటారు. ఆ స్టేటస్‌లు చూసి గ్లోరి లోలోపల మురిసిపోతుంది.

అలాంటి మనిషి దగ్గరికి కిరీటి అనే ఒకాయన వచ్చాడు. యూట్యూబులో పుస్తకాల చానల్ నడుపుతాడు. పెద్ద పెద్ద వాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ ఆలోచనని మలుపు తిప్పిన పుస్తకాలేవో చెప్పించుకుంటాడు. మనిషి మహా మర్యాదస్తుడు. ఏం చెప్పినా తల ఊపుతాడు. అదే అతనితో వచ్చిన చిక్కు. ఎదుటివాడు అలా తల ఊపుతూ ఉంటే మనం చెప్పాలనుకున్న దానికంటే నాలుగు ముక్కలు ఎక్కువే చెబుతాం.

గ్లోరి అయిదు పుస్తకాలు చెప్పింది. అయిదూ పరదేశానివే. వాటిలో రెండు పూర్తిగా చదివింది. ఒకటి సగం దాకా వెళ్ళి, అక్కడ కథ ఏమీ జరగడం లేదని ఆగిపోయింది. ఇంకొకదానికి ముందుమాట చదివి, ఆ ముందుమాట బలంతోనే ఇన్నేళ్ళుగా పాఠం చెబుతోంది. మిగిలినది ఎవరో బహుమతిగా ఇచ్చింది, అట్ట బాగుంటుంది.

ఇంతవరకూ ఫరవాలేదు. ఇలాంటి జాబితాలు ఎవరు చెప్పినా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. కానీ కిరీటి తల ఊపుతూ, "ఆ మొదటి పుస్తకం, ఆ ఫ్రెంచాయన రాసింది, మీ చేతికి ఎలా వచ్చింది మేడం?" అని అడిగాడు.

పాతికేళ్ళ వయసులో హైదరాబాదులో పేవ్‌మెంటు మీద బేరమాడి కొన్నాను అనడానికి గ్లోరికి నోరు రాలేదు. "మాది తిరువూరండి. మా పెద్దమ్మ అక్కడ టీచరు. ఆవిడ బీరువాలో దొరికింది. అప్పుడు నాకు పన్నెండేళ్ళు," అంది.

కిరీటి తల ఊపడం ఆపలేదు. వీడియో చూసినవాళ్ళు కూడా ఆపలేదు. తిరువూరులో ఒక బడిపంతులమ్మ బీరువాలో ఫ్రెంచి పండితుడా అని ఊళ్ళకి ఊళ్ళు ముచ్చటపడిపోయాయి. ఆ బీరువా చూపించండి, ఆ టీచరుగారిని చూపించండి అని కామెంట్లు. కిరీటి ఫోన్ చేసి, "శనివారం పొద్దున్నే తిరువూరు వచ్చేస్తామండి, కెమెరాతో," అన్నాడు. బీరువాకి చెదలు పట్టిందని ఒక్క ముక్క అంటే పోయేది. గ్లోరి "తప్పకుండా" అంది.

అలా ఆ శుక్రవారం, అయిదు పుస్తకాలూ సంచీలో వేసుకుని, విజయవాడలో బస్సెక్కి, ఎండకి వాడిపోయి గ్లోరి తిరువూరులో దిగింది. దొరికిపోతే ఏమవుతుందో ఆమెకి బాగా తెలుసు. మొదటి క్లాసులో క్రీము డబ్బా పక్కన ఈసారి పిల్లలు తన ఫోటో పెడతారు.

పెద్దమ్మ పేరు జోజమ్మ. గ్లోరి అమ్మానాన్నలది పెనుగొలను. హైస్కూలు చదువుకి గ్లోరిని తెచ్చి తిరువూరులో ఈవిడ దగ్గర పెట్టారు. జోజమ్మ అప్పటికే మొగుడి దగ్గర్నుంచి వచ్చేసి ఒక్కతే ఉంటోంది. ఎందుకు వచ్చేసిందో ఎవరూ అడగరు, ఆవిడ చెప్పదు. రిటైరై చాలాకాలమైనా ఊళ్ళో సగం మంది ఆవిడ చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే కాబట్టి ఇప్పటికీ ఆవిడ రోడ్డుమీదికి వస్తే మధ్యవయసు మగాళ్ళు సిగరెట్టు వీపు వెనక్కి దాస్తారు.

గ్లోరి చెప్పులు విప్పుతుండగానే జోజమ్మ అంది, "ఏమే, నా బీరువాలో ఫ్రెంచాయన ఉన్నాడంట కదా. ఇన్నేళ్ళూ ఆయనకి కాఫీ కూడా ఇవ్వలేదు నేను."

"చూశావా పెద్దమ్మా?"

"చర్చి గ్రూపులో పెట్టారు. ఫాదరుగారు కూడా అడిగారు, జోజమ్మగారూ మీకు ఫ్రెంచి ఎప్పుడొచ్చిందీ అని. బాప్టిజం అప్పట్నుంచీ వచ్చన్నాను."

గ్లోరి సంచీలోంచి పుస్తకాలు తీసి మంచంమీద పరిచి సంగతి చెప్పింది. పేవ్‌మెంటు మీద కొన్న ప్రతి ఎప్పుడో పోయింది, ఇప్పుడున్న ఫ్రెంచాయన ఈమధ్య కొత్తగా కొన్నవాడు. జోజమ్మ ఒక్కొక్కటీ తిరగేసి, వాసన చూసి, మెరుస్తున్న అట్టలు చీర కొంగుతో తుడిచి, "ఇవి నిన్నగాక మొన్న పుట్టినట్టున్నాయి. ఎవరు నమ్ముతారే?" అంది.

"అందుకే కదా నీ దగ్గరికి వచ్చింది."

ఆ మాటకి ఆవిడ కళ్ళలో మెరుపు వచ్చింది. జోజమ్మకి పుస్తకం కుట్టడమంటే ప్రాణం. వారపత్రికలో వచ్చే సీరియల్‌ని వారం వారం కత్తిరించి, అన్ని వారాలూ అయ్యాక వరసగా పేర్చి, అట్టలు వేసి కుట్టుకోవడం ఒకప్పుడు చాలా ఇళ్ళలో ఉన్న అలవాటే. మిగతా ఇళ్ళలో టీవీ రాగానే పోయింది. జోజమ్మ మాత్రం ఇలా కుట్టిన సీరియళ్ళతో బీరువా నింపేసింది. ఆ బీరువాలో గ్లోరి చిన్నప్పుడు నిజంగా చదివినవి అవే.

మధ్యాహ్నం భోజనాలయ్యాక పని మొదలుపెట్టారు. జోజమ్మ మైదాపిండి ఉడికించి బంక చేసింది. టీ డికాషన్ చిక్కగా కాచి, గుడ్డ ముంచి ఫ్రెంచాయన అంచులన్నిటికీ పట్టించింది. "దొరలకి టీ అంటే ఇష్టమేలే," అంది. డాబామీద ఎండలో ఆరబెట్టి, పైన సన్నికల్లు పెట్టింది. మెరిసే అట్ట పీకేసి, పాత క్యాలెండరు దళసరి కాయితం వేసి, దానిమీద నీలం జాకెట్టు గుడ్డ అంటించింది. సాయంత్రానికి ఆ పుస్తకం గ్లోరి కంటే పెద్దదానిలా కనిపించింది.

దబ్బనంలోకి పురికొస ఎక్కిస్తూ జోజమ్మ తల ఎత్తకుండా అడిగింది, "అయిదు చెప్పావు కదా. వీటిల్లో ఒక్కటీ చెప్పబుద్ధి కాలేదా?"

ఆవిడ గడ్డంతో చూపించింది బీరువా వైపు.

"అవి పుస్తకాలు కావు కదా పెద్దమ్మా, సీరియళ్ళు," అంది గ్లోరి.

అన్న మరుక్షణం నాలుక కరుచుకోవాలనిపించింది. జోజమ్మ మాత్రం "అవునులే," అని, పురికొస ముడి వేసి, "ఆ కత్తెర ఇటు ఇవ్వు," అంది. ఈవిడ కోప్పడితే భయం లేదు, కోప్పడకపోతేనే జాగ్రత్తపడాలని గ్లోరికి తెలిసి ఉండాల్సింది. యూనివర్సిటీలో పాఠాలు చెప్పీ చెప్పీ ఇంటి సంగతులు మర్చిపోయింది.

శనివారం పొద్దున్నే కిరీటి వచ్చాడు. వెంట మణికంఠ అని కెమెరా మనిషి. జోజమ్మ ఇద్దరికీ చిన్న రసాలు పిండుకుని తినమని పళ్ళెంలో పెట్టింది. కిరీటి చొక్కామీద రసం కారాక అతని హుందాతనం కొంచెం తగ్గింది, ఇల్లు అతనికి నచ్చింది. గ్లోరి తెల్లవారకముందే లేచి బీరువా సర్దింది. నీలం గుడ్డ అట్టతో ఫ్రెంచాయన పై అరలో, చేతికందేలా ఉన్నాడు. కెమెరా పెట్టారు. గ్లోరి కొత్త కాటన్ చీరలో బీరువా పక్కన నిలబడింది.

వంటింట్లోంచి కుక్కరు కూత పెట్టింది.

"టీచరుగారూ, ఆ కుక్కరు కొంచెం ఆపుతారా? సౌండులో వస్తుందండీ," అన్నాడు కిరీటి.

"మామిడికాయ పప్పు బాబూ. మధ్యలో ఆపితే ఉడకదు. మీరు మాట్లాడుకోండి, దాని పని అది చూసుకుంటుంది," అంది జోజమ్మ, వంటింటి గుమ్మంలో ముక్కాలి పీట వేసుకుని కూర్చుంటూ.

కిరీటి తల ఊపి మొదలుపెట్టాడు. బీరువా గురించి రెండు మంచిమాటలు చెప్పి, "మేడం, ఆ పుస్తకం తీసి, పన్నెండేళ్ళప్పుడు మిమ్మల్ని కదిలించిన ఆ మొదటి పేజీ మాకు చదివి వినిపిస్తారా?" అన్నాడు.

గ్లోరి నీలం పుస్తకం తీసింది. మణికంఠ కెమెరా భుజాన వేసుకుని ఆమె భుజం మీదుగా పేజీలోకి వచ్చేశాడు. గ్లోరి చిరునవ్వు నవ్వి, పుస్తకం తెరిచింది.

ఒక పేజీలో, పాత సీరియల్ బొమ్మలో, హైమవతి కిటికీ ఊచలు పట్టుకుని ఏడుస్తోంది. ఎదురు పేజీలో ఒక పెద్ద తలకాయ, నుదుటిమీద చెయ్యి, కింద తలనొప్పి బామ్ డబ్బా.

గ్లోరి పుస్తకం టప్పున మూసింది. వెనక్కి తిప్పి చూసింది. అదే నీలం గుడ్డ. రాత్రి గ్లోరి నిద్రపోయాక జోజమ్మ అదే జాకెట్టు గుడ్డతో ఈ పుస్తకానికీ అట్ట వేసింది. గ్లోరి బీరువా సర్ది స్నానానికి వెళ్ళినప్పుడు ఒకదాని చోట్లో ఒకటి పెట్టింది.

"మేడం," అన్నాడు కిరీటి జాగ్రత్తగా, "ఇప్పుడు కనిపించింది బామ్ ప్రకటన కదండీ?"

గ్లోరి గుమ్మం వైపు చూసింది. జోజమ్మ కప్పు వైపు చూస్తూ కూర్చుంది, అక్కడ బల్లి కూడా లేదు.

"మరి మా ఫ్రెంచాయనో?" అంది గ్లోరి, నవ్వు అంటించుకుని.

"ఆయన బియ్యం డబ్బా మీద ఉన్నాడు. మూత సరిగ్గా పడట్లేదు," అంది జోజమ్మ.

గ్లోరి కెమెరా ముందు ఏదో ఒకటి అల్లేద్దామని నోరు తెరిచింది. తెరిచాక, చేతిలో ఉన్న పుస్తకం బరువు తెలిసింది. మైదా బంక వాసన వచ్చింది. సెలవు రోజుల్లో ఇదే గదిలో నేలమీద బోర్లా పడుకుని ఇదే పుస్తకం ఎన్నిసార్లు చదివిందో గుర్తొచ్చింది. అబద్ధం ఎటో పోయింది. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూడండి కిరీటిగారూ. ఆ అయిదు పుస్తకాలూ నేను పెద్దయ్యాక చదివినవి. అన్నీ పూర్తిగా చదవలేదు కూడా. నన్ను మలిచిన పుస్తకం ఇది. సీరియల్ కత్తిరింపులు. పేరు కూడా లేదు, పేరున్న ముక్క మా పెద్దమ్మ ఎక్కడో పారేసింది. మేము హైమవతి సీరియల్ అనేవాళ్ళం."

పేజీ తిప్పింది. ఆమె గొంతు మారిపోయింది. క్లాసులో గొంతు కాదది.

"పత్రికలో కథ ఒక పక్క ఉంటే వెనక పక్క ప్రకటన ఉండేది కదండీ. కత్తిరించి కుడితే రెండూ కలిసే వచ్చేవి. చిన్నదాన్ని కదా, ప్రకటన కూడా కథలో భాగమే అనుకున్నాను. హైమవతికి తలనొప్పి వస్తే బామ్ వచ్చింది. మొగుడు కూర బాగాలేదని పళ్ళెం విసిరేస్తే, ఇదిగో, మసాలా పొడి వచ్చింది. జుట్టు ఊడుతోందని ఏడిస్తే నూనె. కష్టం వచ్చిన పక్క పేజీలోనే మందు ఎలా వస్తోంది, ఎవరు పంపిస్తున్నారు అని అప్పుడే అనుమానం వచ్చింది. నా చదువంతా ఆ అనుమానమే. డిగ్రీలు తర్వాత వచ్చాయి."

కిరీటి తల ఊపుతున్నాడు, కానీ ఈసారి అలవాటుగా కాదు.

"ఇక ఆఖరి పేజీ." గ్లోరి పుస్తకాన్ని చివరికి తిప్పి కెమెరాకి చూపించింది. "హైమవతి మొగుడు గెంటేస్తే పుట్టింటికి వచ్చేసింది. వెనక్కి వెళ్తుందా, వెళ్ళదా? తర్వాతి పేజీలో ముగింపు ఉండాలి. లేదు. కుక్కరుంది. పేజీ నిండా కుక్కరు, పక్కన నవ్వుతూ ఒకావిడ. నేను హైమవతే అనుకున్నాను. కుక్కరు కొనుక్కుని సుఖంగా ఉందనుకున్నాను. పెద్దయ్యాక దీనిమీదే వ్యాసం రాశాను. కథ ముగించే హక్కుని పత్రిక ఒక కుక్కరు కంపెనీకి అమ్ముకుంది అని. ఆ వ్యాసంతోనే నాకు పేరొచ్చింది. అసలు సంచిక కోసం వెతికాను, పత్రిక మూతపడింది, ఏ లైబ్రరీలోనూ ఆ ఏడాదివి దొరకలేదు. ఇదొక్కటే ఆధారం."

ఆమెకి గుండె తేలికపడింది. అబద్ధం ఒప్పుకుని కూడా పండితురాలిగానే మిగిలిపోయానని లోపల కాస్త గర్వపడింది కూడా.

"అది పత్రికవాళ్ళు వెయ్యలేదే," అంది జోజమ్మ గుమ్మంలోంచి. "నేనేశాను."

కిరీటి తల ఊపడం ఆపేశాడు.

"అదేంటి పెద్దమ్మా?"

"ఆఖరి వారం వచ్చింది. నాలుగు పేజీలు. హైమవతి పెట్టె సర్దుకుని మళ్ళీ వాడింటికే పోయింది. గుమ్మంలోనే వాడి కాళ్ళమీద పడి, తప్పంతా నాదేనండీ అంది. వాడు లేవదీశాడు. అయిపోయింది." జోజమ్మ చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "ఆ వారమే మా నాన్న, ఇంకో నలుగురు పెద్దమనుషులు ఇదే వరండాలో కూర్చుని నన్ను కాపురానికి పొమ్మన్నారు. ఆడదానికి అంత పొగరు పనికిరాదన్నారు. పోనన్నాను. వాళ్ళు లేచి వెళ్ళాక పత్రిక తీస్తే ఇదీ పోతోంది. ఒళ్ళు మండింది నాకు. వారం వారం ఎదురుచూసి చదివానే దీన్ని! ఇది కూడా పోతే ఎట్లా?"

గ్లోరి కుక్కరు పేజీ అంచుని వేలితో తడిమింది.

"నువ్వేమో పక్కన కూర్చుని, పెద్దమ్మా హైమవతి ఏమైంది, ఏమైంది అంటా ఒకటే గోల. పన్నెండేళ్ళ పిల్లవి. పోయిందని నీకెట్లా చెప్పనే? ఇంకో సంచికలో కుక్కరు బొమ్మ కనిపించింది. ఆవిడ ఒక్కతే నిలబడి నవ్వుతోంది, పక్కన మగాడు లేడు. బాగుందనిపించింది. ఆ పేజీలు తీసేసి ఇది అంటించాను. జీతం ఏరియర్సు రాగానే ఆ కంపెనీ కుక్కరే కొన్నాను కూడా. ఇందాకట్నుంచి కూత పెడుతోందే, అదే."

గ్లోరికి ముందు కోపం వచ్చింది. ఇన్నేళ్ళు పరిశోధన చేసి, ఎక్కడెక్కడో సభల్లో చదివి, ఎవరెవరి చేతో ఉటంకించబడ్డ తన సిద్ధాంతం మొత్తం పెద్దమ్మ మైదా బంక మీద నిలబడి ఉంది. ఆ తర్వాత నవ్వొచ్చింది, ఆపుకోలేనంత. ఆ నవ్వులోనే ఎక్కడో కళ్ళు తడిశాయి. ఆ రోజుల్లో పెద్దమ్మ ఒంటరిగా ఎంత భయపడి ఉంటుందో ఆమెకి ఇప్పటిదాకా తట్టలేదు. కుక్కరు పక్కన నవ్వుతున్న మనిషే గుర్తుంది.

"మరి ఆ పేజీలేవి?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

"నీ సోషలు పుస్తకానికి అట్ట వేశాను. కథ లోపలికి పెట్టి. ఏడాదంతా సంచీలో మోశావు, ఒక్కసారి విప్పి చూడలేదు. పరిశోధకురాలివి!"

మణికంఠ కెమెరా వెనక నవ్వేశాడు. కిరీటి మాత్రం నవ్వలేదు. కుర్చీ ముందుకి జరిపి, గొంతు తగ్గించి, "మేడం, ఇది బయటికొస్తే మీ వ్యాసం సంగతి ఏమవుతుందో మీకు తెలుసు. మీరు తీసేయమంటే తీసేస్తానండీ. ఆ అయిదు పుస్తకాలతోనే సరిపెడదాం," అన్నాడు.

ఎంత సులభం. ఒక్క మాట చాలు. గ్లోరి గుమ్మం వైపు చూసింది. జోజమ్మ కప్పు వైపు చూడటం లేదు ఇప్పుడు. ఏ తడీ లేని చేతుల్ని కొంగుతో తుడుచుకుంటూ, తనవైపే చూస్తోంది. పెద్దమ్మ అలా ఎవరి జవాబు కోసమూ ఎదురుచూడటం గ్లోరి ఎప్పుడూ చూడలేదు.

"ఆ అయిదూ తీసేయండి," అంది గ్లోరి. "ఇది ఉంచండి. నా వ్యాసం తప్పని నేనే రాసుకుంటాను. కింద పుస్తకం పేరు వేస్తారు కదా, అక్కడ హైమవతి అని వేసి, కూర్పు జోజమ్మ టీచర్, తిరువూరు అని వెయ్యండి."

జోజమ్మ ముఖం విప్పారింది. లేచి రెండడుగులు ముందుకి వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"బాబూ, ఒక్క మాట. నేను చెప్పిందంతా ఉంచు. మా నాన్న సంగతి ఉంచు, పెద్దమనుషుల సంగతీ ఉంచు. అది వాడింటికి పోయి కాళ్ళమీద పడిందే, ఆ ముక్క ఒక్కటీ తీసేయి. కుక్కరు దాకా చాలు."

కిరీటి గ్లోరి వైపు చూశాడు. గ్లోరికి ప్రకటనల గురించీ, ముగింపుల గురించీ, నిజాన్ని కత్తిరించడం గురించీ చెప్పడానికి బోలెడు పాఠాలు ఉన్నాయి.

"ఆవిడ చెప్పినట్టే చెయ్యండి," అంది.

వంటింట్లో కుక్కరు మళ్ళీ కూత పెట్టింది. ఈసారి ఎవరూ ఆపమనలేదు.

నెల తిరక్కుండా వీడియో వచ్చింది. చర్చి గ్రూపులో కూడా పెట్టారు. చాలామంది చూశారు. అందులో హైమవతి ఎక్కడికీ పోలేదు.